దిక్కులు లేని చోట దిక్కు

మన భాషలో దిక్కు అను మాటకు రెండు అర్థములు కలవు. తూర్పు, పడమర అనునవి దిక్కులు. ఆపదలో ఆదుకొనువాడును దిక్కే. దారి తెలియకపోవుటయు, ఆధారము లేకపోవుటయు మన పెద్దలకు ఒక్కటిగనే తోచినట్లున్నది. 1970 ఏప్రిల్ నెలలో, భూమికి సుమారు 3,20,000 కిలోమీటర్ల దూరమున, ముగ్గురు మనుష్యులకు ఈ రెండు అర్థములును నిజముగనే ఒక్కటియైనవి. వారి కథ చెప్పుటకు ముందు, దిక్కు అనగా నేమో, దానిని కొలుచుట యెట్లో కొంత విచారింపవలసియున్నది.

చాల ఏండ్ల క్రిందట ఒక తెల్లవారుజామున మేము గోదావరిలో లాంచీపై పోవుచుంటిమి. మంచు దట్టముగా పట్టియుండుటచే ఇంజను ఆపిరి. లాంచీ నిలిచినదో, ప్రవాహముతోపాటు కదలుచున్నదో ఎవరికిని తెలియలేదు. ఇంతలో మరియొక పడవ ప్రక్కనే మసకగా కనబడి వెనుకకు జరిగిపోయెను. అది పోవుచున్నదా, మనము పోవుచున్నామా అని ప్రయాణికులలో వాదము బయలుదేరినది. సరంగు మాత్రము ఆ వాదములో కలుగజేసికొనలేదు. పొడుగాటి గడను నీటిలోనికి దించి, అడుగు తాకువరకు పోనిచ్చి, గడ ఎటు వాలుచున్నదో చూచి, "మనమే పోతున్నాము" అని తేల్చివేసెను.

ఆ సరంగునకు నదీగర్భము ఆధారము. భూమి తిరుగుచున్నదని 5వ శతాబ్దపు చివర మన దేశమున వాదించిన ఆర్యభటుడు కూడ పడవ ప్రయాణమునే పోలికగా గ్రహించెను. పడవలోనివానికి ఒడ్డు నడచుచున్నట్లు తోచుట ఎట్టిదో, నేలపైనున్న మనకు నక్షత్రములు పడమటికి నడచుచున్నట్లు తోచుటయు అట్టిదే యని ఆయన అభిప్రాయము. ఏ కదలికను గూర్చి చెప్పవలెనన్నను, ముందుగా దేనినో ఒకదానిని నిలుకడగా నున్నదని పట్టుకొనవలసినదే. అట్లు పట్టుకొన్నదానిని శాస్త్రజ్ఞులు నిర్దేశచట్రమందురు. మీరిప్పుడు కూర్చున్న గదిలో ఒక మూలను చూడుడు. గోడలు నేలను కలియు అంచులు రెండు, గోడలు రెండును తమలో తాము కలియు నిలువు అంచు ఒకటి, వెరసి మూడు గీతలు ఆ మూల నుండి బయలుదేరుచున్నవి. చట్రమనగా ఇంతే. ఆ మూల నుండి ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు, ఇంత ఎత్తు అని చెప్పినచో గదిలోని ఏ వస్తువు చోటునైనను చెప్పినట్లే.

నావికునకు ఇట్టి చట్రములు మూడైనను కావలెను. ఒకటి నౌకకే బిగించినది. అందు ముందు, కుడి, క్రింద అని మాత్రమే ఉండును. రెండవది నౌక ఉన్న తావునకు చెందినది. అందు ఉత్తరము, తూర్పు, క్రింద అనునవి ఉండును. మూడవది నక్షత్రములకు చెందినది. అది భూమితో కూడ తిరుగదు. శ్రీహరికోటలో ప్రయోగవేదికపై నిలిచియున్న రాకెట్టును తలచుకొనుడు. నేల చట్రమున దాని వేగము సున్న. నక్షత్రముల చట్రమున అదే రాకెట్టు, కదలకయే, సెకనుకు సుమారు 450 మీటర్ల వేగమున తూర్పునకు పరుగెత్తుచున్నది. రెండును నిజమే. ఏ చట్రమో చెప్పక వేగము మాత్రము చెప్పుట, ఊరి పేరు లేక ఇంటి నంబరు మాత్రము వ్రాసి ఉత్తరము పోస్టు చేయుట వంటిది.

ఇక కిటికీలు లేని నౌకలో కూర్చుండి, ఒడ్డును గాని చుక్కలను గాని చూడక, రేడియో కూడ వినక, ఎచ్చటనున్నామో చెప్పుట సాధ్యమా? సాధ్యమే. బస్సు హఠాత్తుగా బయలుదేరినపుడు మనము వెనుకకు తూలుదుము. కన్నులు మూసికొనియున్నను ఆ తూలు తెలియును. ఆ తూలును కచ్చితముగా కొలుచు పరికరమునకు త్వరణమాపకమని పేరు. క్షణక్షణమునకు ఎంత తూలు కలిగెనో కూడుకొనుచు పోయినచో వేగము వచ్చును. వేగమును మరల కూడినచో దూరము వచ్చును. వస్తువులకు గల జడత్వమే దీనికి మూలము గనుక దీనిని జడత్వ మార్గనిర్దేశమని పిలిచిరి.

వినుటకు సులభముగనే యున్నది. కాని ఇందొక చిక్కు కలదు. త్వరణమాపకమునకు ఇంజను త్రోపుడును, భూమ్యాకర్షణయు వేరువేరుగా తెలియవు. పరికరము నేలకు సరిగా సమతలముగా నున్నంతవరకు బాధ లేదు. అది ఒక్క డిగ్రీ వాలినదనుకొందము. అప్పుడు భూమ్యాకర్షణలో ఒక చిన్న పాలు ప్రక్కకు జారి, నౌక కదలుచున్నదను భ్రమ కల్పించును. ఒక నిమిషము గడచునప్పటికి తప్పు 300 మీటర్లు. పది నిమిషములు గడచినచో సుమారు 30 కిలోమీటర్లు. నౌక రేవులో కట్టివేయబడియే యుండును. లెక్క మాత్రము ప్రక్క తాలూకాకు చేరును! కావున ఎంత దూరము పోయితిమన్న ప్రశ్నకు ముందు, ఎటు మొగమై యున్నామన్న ప్రశ్నకు జవాబు తెలియవలెను. ఈ విద్యలో కష్టమంతయు అక్కడనే యున్నది.

దానికి తోడ్పడునది బొంగరము. వేగముగా తిరుగు బొంగరము తన ఇరుసు దిశను సులభముగా విడువదని ప్రతి బాలునికిని తెలియును. ఈ గుణమునే గైరోస్కోపు వినియోగించుకొనును. గైరోస్కోపులను మూడింటిని ఒక చిన్న పీఠముపై అమర్చి, ఆ పీఠమును ఒకదానిలో ఒకటిగా ఇమిడిన మూడు వలయములలో వ్రేలాడదీసినచో, వెలుపల నౌక ఎట్లు పొర్లినను లోపలి పీఠము చుక్కలకు కట్టినట్లు ఒకే తీరున నిలిచియుండును. కుదుపుల బండిలో తొణకక నిలిచిన పాలచెంబు వంటిదన్న మాట. అప్పుడు ఒక్కొక్క వలయము ఎన్ని డిగ్రీలు తిరిగెనో చదివినచో, చుక్కల చట్రమునకును నౌక చట్రమునకును గల సంబంధము మూడు అంకెలలో తెలియును. పడవ ప్రక్కకు ఒరుగుట ఒక కోణము. మొన పైకి లేచుట ఒక కోణము. మొన కుడియెడమలకు మరలుట ఒక కోణము. మూడు కోణములు చాలునని 18వ శతాబ్దమున ఆయిలర్ అను గణితవేత్త చూపియుండెను.

అయితే ఆ మూడింటిని ఏ వరుసలో త్రిప్పవలెనో కూడ చెప్పవలెను. దీనిని నమ్మనివారు ఒక పుస్తకమును తీసికొని పరీక్షింపవచ్చును. పుస్తకమును మామూలుగా చదువునట్లు బల్లపై మీ ముందు పరుండబెట్టుడు. మొదట దాని తల యంచును పైకెత్తి, అట్ట మీ వైపు చూచునట్లు నిలువుగా నిలుపుడు. పిదప గడియారపు ముల్లు తిరుగు వైపునకు బల్లపై కాలు మలుపు త్రిప్పుడు. పుస్తకము నిలువుగనే యుండి, అట్ట మీ ఎడమకు చూచును. ఇప్పుడు మరల మొదటినుండి ప్రారంభించి, ముందు బల్లపై కాలు మలుపు త్రిప్పి, ఆ పిమ్మట దూరపుటంచును పైకెత్తుడు. ఈ మారు అట్ట మీ వైపే చూచుచున్నది. కాని అక్షరములు పక్కకు పరుండినవి. చేసిన పనులు అవే రెండు. వరుస మారినంతనే ఫలితము మారెను. మూడును రెండును కలిపినను, రెండును మూడును కలిపినను ఐదే యను అంకగణితము ఇచ్చట చెల్లదు.

మరియొక లోపము ఇంతకంటె గట్టిది. మూడు వలయములలో మధ్యది సరిగా 90 డిగ్రీలు తిరిగినపుడు లోపలి వలయపు ఇరుసును, వెలుపలి వలయపు ఇరుసును ఒకే గీతలోనికి వచ్చును. అప్పుడు వలయములు మూడున్నను తిరుగగల మార్గములు రెండే. మూడవ వైపునకు నౌక తిరిగినచో పీఠమును కూడ లాగికొనిపోవును, దిక్కు పోవును. ఇంజనీర్లు దీనిని గింబల్ లాక్ అందురు. ఇది నౌకలోని లోపము కాదు, ఆకాశములోని లోపమును కాదు. మనము ఎన్నుకొన్న కోణములలోని లోపము. ఉత్తర ధ్రువము కూడ ఇట్టి చోటే. అచ్చట నిలిచినవాడు ఏ వైపునకు అడుగు వేసినను దక్షిణమే. రేఖాంశములన్నియు ఒకే బిందువున ముడిపడును. 1958 ఆగస్టు 3న అమెరికా వారి నాటిలస్ జలాంతర్గామి మంచు క్రిందుగా ధ్రువమును దాటినపుడు, ఉత్తరమును చూపు సాధనములు నమ్మదగనివైన ఆ తావున, మొదట నావహో క్షిపణికై రూపొందించిన జడత్వ యంత్రమే వారికి తోడుగా నుండెను.

చంద్రునిపైకి పోయిన అపోలో నౌకలలో వలయములు మూడే. బరువు, చిక్కు తగ్గునని నాలుగవది పెట్టలేదు. దానికి ముందటి జెమినీ నౌకలో నాలుగుండెను. అపోలోలో మధ్య వలయము 70 డిగ్రీలు దాటినచో హెచ్చరిక దీపము వెలుగును. అపోలో 11లో మైకేల్ కాలిన్స్ ఈ బాధ పడలేక, క్రిస్మస్ పండుగకు నాలుగవ వలయమును బహుమతిగా పంపుమని భూమిపైనున్న వారిని పరిహసించెను. నేటి విమానములలో ఆ వలయములు చాలవరకు లేవు. గైరోస్కోపులను విమానపు శరీరమునకే బిగించి, వలయముల పనిని కంప్యూటరు చేతికి అప్పగించిరి. అది మూడు కోణములకు బదులు నాలుగు అంకెలను వాడును. ఆ నాలుగంకెల గణితమును హామిల్టన్ డబ్లిన్ నగరమున 1843లోనే కనిపెట్టియుండెను. కాలిన్స్ కోరిన నాలుగవ వలయము ఒక విధముగా అప్పటికి నూటయిరువదియైదేండ్ల ముందే తయారైయున్నదన్న మాట.

ఇప్పుడు జిమ్ లోవెల్ కథకు వత్తము. 2025లో దివంగతుడైన ఈ వ్యోమగామికి చట్రమును పోగొట్టుకొనుట రెండు మారులు అనుభవమునకు వచ్చినది. మొదటిది ఆయన చేతిలోని పొరపాటే. 1968 డిసెంబరులో అపోలో 8 చంద్రుని చుట్టి తిరిగి వచ్చుచుండగా, కంప్యూటరునకు 1వ నంబరు నక్షత్రము పేర చెప్పదలచి, 1వ నంబరు కార్యక్రమమును పిలిచెను. ఆ కార్యక్రమము నౌక బయలుదేరుటకు ముందు నేలపై జరుగవలసినది. కంప్యూటరు తక్షణమే తాను ఇంకను ఫ్లారిడాలోని ప్రయోగవేదికపై నున్నానని నమ్మెను. పీఠము దిశ పోయినది. లోవెల్ గాభరాపడక లుబ్ధక నక్షత్రమును, మృగశిర ప్రాంతమునందలి రైజెల్ నక్షత్రమును వెదకి, వాటికి నౌకను సరిచూచి, అంకెలను మరల కంప్యూటరునకు నేర్పెను. దీనికి అరగంట లోపు పట్టినది.

నేలపై మాత్రమే అర్థము గల లెక్క ఆకాశమున సాగుట ఎంత ప్రమాదమో మరియొక సందర్భమున లోకము చూచినది. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయోగమున, పీఠమును నేలకు సరిదిద్దు లెక్క పైకి లేచిన తరువాత కూడ నడచుచుండెను. దాని అవసరము అప్పటికి తీరిపోయినది. పాత ఏరియాన్ 4కు అలవాటైన ఆ లెక్కలో కొత్త రాకెట్టు వేగమునకు చోటు చాలలేదు. దిక్కు తెలుపు యంత్రములు రెండును ఆగిపోయినవి. అవి పంపిన తప్పు సంకేతములను కోణములుగా భ్రమించి రాకెట్టు ప్రక్కకు మరలి, నలువది సెకన్లలో తునాతునకలయ్యెను. అందు మనుష్యులు లేకుండుట అదృష్టము.

అపోలో 13లో మనుష్యులుండిరి. లోవెల్ నాయకుడు; జాక్ స్విగర్ట్, ఫ్రెడ్ హెయిస్ తోడివారు. 1970 ఏప్రిల్ 13 రాత్రి ఆమ్లజని తొట్టి ప్రేలినది. ముఖ్యనౌకయైన ఒడిస్సీలో విద్యుత్తు నిమిషములలో అడుగంటుచుండెను. చంద్రునిపై దిగుటకు వెంట తెచ్చుకొన్న చిన్ననౌక అక్వేరియస్‌లోనికి పోయి ప్రాణము కాపాడుకొనవలెను. పోవుట పెద్ద కష్టము కాదు. కాని ఒడిస్సీ పీఠమునకు చుక్కల దిక్కు తెలియును. అప్పుడే మేల్కొన్న అక్వేరియస్ పీఠమునకు ఏమియు తెలియదు. ఒడిస్సీ ఆరిపోయినచో ఆ దిక్కు దానితోపాటే పోవును. మరల చుక్కలను చూచి కట్టుకొందమన్న, ప్రేలుడులో రాలిన తునకలు నౌక చుట్టును మెరయుచు వేయి దొంగ నక్షత్రములై కనబడుచున్నవి. దిక్కు లేక ఇంజను వెలిగించినచో అది ఇంటి వైపునకే త్రోయునని ఎవరు చెప్పగలరు?

కావున ఒక నౌక చట్రమునుండి మరియొక నౌక చట్రమునకు దిక్కును బదిలీ చేయవలసి వచ్చినది. రెండు నౌకలును ముఖాముఖిగా అతుకుకొనియున్నవి. ఒకదానికి ముందు అయినది మరియొకదానికి వ్యతిరేక దిశ. అందుచే ఒడిస్సీ కోణములు మూడింటిని అట్లే వ్రాసికొన్న పనికిరాదు. లోపలి వలయపు కోణమునకు 180 కలుపవలెను. మధ్య వలయపు కోణమును 360 నుండి తీసివేయవలెను. వెలుపలి వలయపు కోణమును 300 నుండి తీసివేసి, నౌకలు అతుకుకొన్న చోట మిగిలిన కొద్దిపాటి మెలికను సరిచేయవలెను. చూచితిరా, ఇందు ఎత్తు లెక్క ఏదియు లేదు. మన బడిపిల్లలు పలకపై చేయు కూడికలు, తీసివేతలే. లోవెల్ వాటిని కాగితముపై చేసెను. చేసి, తన కూడికలు సరియైనవో కావో చూడుమని హ్యూస్టన్ కేంద్రమును అడిగెను. నావికాదళమున ఎన్నో ఏండ్లు విమానములు నడపినవాడు, అప్పటికి మూడు మారులు ఆకాశమునకు పోయి వచ్చినవాడు, తన తీసివేతను తానే నమ్మలేదు. ఈ కథలో మాకు అన్నిటికంటె గౌరవముగా తోచునది ఆ క్షణమే. క్రింద కూర్చున్నవారు కాగితములు, పెన్సిళ్లు తీసికొని లెక్క వేసి, సరిగనే యున్నదనిరి. అంకెలు అక్వేరియస్ కంప్యూటరునకు చేరినవి. ఒడిస్సీని ఆర్పివేసిరి.

ఆ తరువాత సుఖముగా గడచెనని కాదు. అక్వేరియస్ తాను ఒంటరిగా ఎగురుటకు తయారైన నౌక. ఇప్పుడు తనకంటె బరువైన మృతభారము దాని నెత్తిపై నున్నది. ఒక వైపునకు త్రిప్పబోవగా మరియొక వైపునకు మరలుచుండెను. ప్రతి మారును మధ్య వలయము నిషిద్ధ కోణమునకు చేరునేమోనన్న భయము. అయినను పీఠము నిలిచినది. ఆ దిక్కు నాధారము చేసికొని ఇంజనును అర నిమిషమునకు పైగా వెలిగించి, భూమికి తిరిగి చేరు మార్గమున పడిరి. చంద్రుని వెనుకనుండి వచ్చిన పిమ్మట నాలుగు నిమిషములకు పైగా వెలిగింపవలసిన పెద్ద మంట యున్నది. దానికి ముందు బదిలీయైన దిక్కు నిజమైనదో కాదో తేల్చవలెను. చుక్కలు కనబడవు గాని సూర్యుడు దాగలేడు గదా! పీఠము చెప్పినట్లు నౌకను త్రిప్పి దూరదర్శినిలో చూచిరి. ఒక డిగ్రీ లోపల సరిపోయిన చాలుననుకొనిరి. సూర్యుడు ఉండవలసిన చోటనే ఉండెను.

పెద్ద మంట ముగిసిన పిదప, విద్యుత్తును పొదుపు చేయుటకై ఆ పీఠమును కూడ ఆర్పివేసిరి. అనగా తామే తమ దిక్కును చేతులార వదలుకొనిరి. కొంత దూరము వచ్చునప్పటికి మార్గము కొంచెము తప్పినదని తెలిసి, ఇంజనును మరల 14 సెకన్లు వెలిగింపవలసి వచ్చెను. పీఠము లేదు, కోణములు లేవు. ఉన్నది కిటికీలో భూమి. సగము పగలు, సగము రాత్రి. ఆ రెంటి నడుమ గీతపై కిటికీలోని గురుతును నిలిపినచో నౌక ఒక విధముగా సరిపడును. ఈ ఉపాయమును అపోలో 8 కొరకు ఆలోచించియుండిరి. అందులో పోయినవాడు లోవెల్ గనుక ఆయనకది తెలియును. లోవెల్ ఒక కదలికను, హెయిస్ మరియొక కదలికను అదుపు చేయుచుండగా, స్విగర్ట్ చేతి గడియారము చూచి సెకన్లు లెక్కించెను. పగలును రాత్రియు కలియు ఆ గీతయే అప్పటికి వారికి చట్రము.

చివరి దినమున భూవాతావరణములోనికి దిగవలసినది ఒడిస్సీయే. మూడు దినములుగా చలిలో నిద్రించిన దాని పీఠమునకు ఇప్పుడు దిక్కు తెలియదు. అక్వేరియస్‌ను ముందుగా మేల్కొల్పి, సూర్యచంద్రులను చూచి దాని పీఠమును సరిచేసిరి. పిదప అవే కూడికలు, తీసివేతలు ఈ మారు తలక్రిందులుగా జరిగినవి. మూడు కోణములు అక్వేరియస్ నుండి ఒడిస్సీకి తిరిగి వచ్చినవి. స్విగర్ట్ వాటిని నక్షత్రములతో సరిచూచుకొనెను. అక్వేరియస్‌ను వదలివేసిరి. 1970 ఏప్రిల్ 17న ఒడిస్సీ దక్షిణ పసిఫిక్ సముద్రమున, తమకై కాచుకొనియున్న ఐవో జిమా నౌకకు కొలది కిలోమీటర్ల దూరములో, మూడు గొడుగుల క్రింద మెల్లగా నీటిపై వాలెను.